పడదు

మెనూ రాయించడానికి వచ్చిన పెళ్ళికూతురి తండ్రి
గోంగూర దగ్గరే అరగంట ఆగిపోతాడు.
ఎండుమిరపకాయల తాలింపా, పచ్చిమిరపకాయలా,
ఉల్లిపాయ పక్కన పెట్టాలా, కలపాలా.
అన్నీ అయ్యాక నేనడుగుతాను:
మీ వాళ్ళలో ఎవరికేం పడదు?

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి
"మా పెద్దబావకీ, చిన్న తోడల్లుడికీ పడదమ్మా,
ఒకే బంతిలో కూర్చోనివ్వకండి" అంటాడు.
సరే, అదీ రాసుకుంటాను.
ఆ పడకపోవడం కాదండీ. తిండి.

"గుంటూరోళ్ళం, మాకు పడందేముంటది!"
నవ్వు పూర్తయ్యేదాకా ఆగి
మళ్ళీ అదే అడుగుతాను.

రాత్రి పదింటికి వాళ్ళావిడ ఫోను.
వియ్యపురాలి చెల్లెలికి పాలు పడవట.
చెప్పుకోడానికి సిగ్గేసి ప్రతి పెళ్ళిలోనూ పాయసం తాగి
తెల్లారిందాకా కడుపు పట్టుకు కూర్చుంటుందట.
పెదకాకాని మాస్టారికి గోధుమ.
ఇంకో పిల్లాడికి, ఇషాంత్ అని, ఆరేళ్ళు, పల్లీలు.
"మరీ ఎక్కువేం కాదులెండి, కొంచెం తింటే..."
కొంచెం అన్న మాట దగ్గర నా పెన్ను కదలదు.

తొమ్మిదేళ్ళయింది. కొరిటెపాడులో ఒక హాలు.
అప్పుడు వడ్డన కూడా నేనే.
ఆకుపచ్చ పరికిణీ వేసుకున్న పిల్ల
విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది.
మనకది మొహమాటం.
మనకి వద్దంటే ఇంకాస్త అని.
ఆ వేళ్ళ సందుల్లోంచే పులిహోర జార్చాను,
"ఏం కాదులే, బంగారం" అన్నాను.
అది నా మొహం చూసింది.
పెద్దదాన్ని కదా, నమ్మింది.

మూడో ముద్దకి పెదవులు ఉబ్బాయి.
తర్వాత గొంతులోంచి ఈల లాంటి చప్పుడు.
ఆటో. శంకర్‌విలాస్ వంతెన మీద కదలని బండ్లు.
నా ఒళ్ళో దాని తల, నా చేతికింకా పసుపు నూనె.

బతికింది. మూడో రోజు ఇంటికెళ్ళింది.
వాళ్ళమ్మ నన్ను ఒక్క మాటనలేదు.
తిట్టి ఉంటే ఏనాడో మర్చిపోయేదాన్ని.

ఇప్పుడు నా వంటశాలలో రెండో పొయ్యి ఉంటుంది.
దాని గరిటెలకి ఎర్రదారం.
ఆ మూకుట్లో నువ్వులనూనె తప్ప వేరుశనగనూనె పడదు.
చట్నీలో మునిగిన గరిటె సాంబారులో మునిగిందా,
ఆ సాంబారు ఆ పిల్లాడికి లేనట్టే.
సైదులు గొణుగుతాడు:
"ఒక్క బుడ్డోడి కోసం ఐదొందల మందికి
పల్లీల్లేని పులిహోరా అక్కా?"
ఐదొందల మందికీ అరుగుతుందిలే, వెయ్యి పోపు.

మొన్న వంకాయలు తరుగుతుంటే వాడి ముంజేతులు చూశాను.
మోచేతుల దాకా దద్దుర్లు.
"ఇదేందిరా?"
"పడదక్కా."
ముప్పై ఏళ్ళుగా గుంటూరు జిల్లాకి గుత్తివంకాయ వండినోడు
ఒక్కసారీ రుచి చూళ్ళేదట.
ఆవిరి వాసన పట్టి ఉప్పు చెప్తాడట.
మరి చెప్పలేదేం?
"ఎవరడిగారు?" అని కత్తిపీట ముందుకి జరుపుకున్నాడు.
నేను నిన్న మార్కెట్లో చేతితొడుగులు కొన్నాను.
సైజు తెలీక మూడు రకాలు.

పెళ్ళి రోజు ఇషాంత్ రెండో బంతిలో కూర్చున్నాడు,
విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి.
పక్కన బామ్మగారు: "పెళ్ళిలో ఒక్క ముద్దకి ఏమవుద్దమ్మా, వెయ్యి!"
నేను వంగి వాడి చెవిలో చెప్పాను
ఏ పొయ్యి, ఏ నూనె, ఏ గరిటె.
ఎర్రదారం చూపించాను.
వాడు దారాన్ని వేలితో లాగి చూశాడు.
ఆలోచిస్తున్నాడు.

వెనక ఎవరో అన్నం, అన్నం అని కేకేస్తున్నారు.
చేతులింకా తియ్యలేదు.
నేనింకా వెయ్యలేదు.